మట్టికి చేరని మాయ

ఆరేళ్ళుగా ఒక గోడ పక్క నుంచి తలెత్తి నడవలేకపోతున్నాను. ప్రసూతి ఆసుపత్రి వెనక గోడ అది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు. మా ఆయన పోర్టులో ఓడల సరుకు మోసే కలాసీగా పనిచేసి, జబ్బుపడి పోయాడు. పిల్లలు పుట్టలేదు. ఈమధ్యే నాలుగు అక్షరాలు చేతికొచ్చాయి కనుక మీకు చెబుతున్నాను. మీరు నా మొహం చూడరు. అదే ధైర్యం.

ఆయన పోయాక విశాఖలో ఒక పరిశోధనశాలలో గాజు సామాను కడిగే పనిలో చేరాను. అక్కడ ఒక మేడమ్ మనిషి శరీరంలోని కణాల మీద పనిచేసేవారు. కంటికి ఆనని కణం లోపల కూడా సరుకు రవాణా ఉంటుందని ఆవిడే నాకు చెప్పారు. చిన్న చిన్న సంచులు సరుకు నింపుకుని ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోతాయట. ఏ సరుకు ఏ సంచిలో ఎక్కాలో, సంచి ఎప్పుడు ఊడి బయల్దేరాలో చూసేవి కొన్ని ప్రోటీన్లు. విడివిడిగా ఉంటే వాటికేమీ చేతకాదు. నాలుగైదు అతుక్కుని జట్టు కడితేనే పని. “మీ ఆయన కలాసీ జట్టులాగే,” అన్నారు. ఆ మాటతో నేను ఆవిడ మనిషినైపోయాను.

బిడ్డ వెనక వచ్చే మాయలో ఆ సంచులు ఎక్కువ. తల్లి నెత్తురు నుంచి బిడ్డకు కావలసినవి తొమ్మిది నెలలూ మోసేది అదే కదా. ఆసుపత్రికి వెళ్ళి, మాయ పడగానే ఐసు డబ్బాలో పెట్టి తేవడం నా పని. మేడమ్ ఒక నియమం పెట్టారు. తల్లిని ముందే అడగాలి. ఒప్పుకుంటే పుస్తకంలో వేలిముద్ర వేయించాలి. నేను పేరు చెబితే ఆవిడ రాసుకునేవారు.

మొదట్లో అడిగాను. మా వైపు మాయను పసుపు వేసి భూమిలో పెడతారు, కుక్కలు ముట్టకుండా. ఎవరిస్తారు? ఒక ముసలమ్మ నన్ను చేతబడి మనిషినని వార్డంతా వినేలా తిట్టింది. అప్పటి నుంచి అడగడం మానేశాను. అడిగి తీసుకెళ్ళేవాళ్ళవి వదిలేసి, ఆయాలు పారేసేవి తెచ్చేదాన్ని. మెట్ల కింద నిలబడి నా వేలే సిరాలో అద్ది పుస్తకంలో వేసేదాన్ని. ఒకసారి బొటనవేలు, ఒకసారి ఉంగరం వేలు. చదువు రాక, తెలియక చేశాననుకుందామా? వేళ్ళు మార్చినదానికి తెలియదా?

తర్వాత ఆమె కాన్పుకు వచ్చింది. మధురవాడ అవతల పొలం పనులు చేసుకునే మనిషి. రెండు కాన్పులు దక్కలేదు. మాయను సరిగ్గా భూమిలో పెట్టలేదని, అందుకే బిడ్డలు నిలవలేదని ఆమె నమ్మకం. ఈసారి దాన్ని తన చేతికే ఇవ్వమని ముందే నన్ను బతిమాలింది. సరేనన్నాను. అప్పటికి మూడు వారాలుగా అందరూ అడిగి తీసుకుపోతుంటే, ఉత్త డబ్బాతో తిరుగుతున్నాను. గిర్రున తిప్పి సంచులను వేరుచేసే పెద్ద యంత్రం మేడమ్‌కు ఆ మర్నాడు ఒక్కరోజుకే దొరికింది. మళ్ళీ ఎప్పటికో. ఆపరేషనై ఆమె స్పృహలో లేనప్పుడు మాయను తీసుకుపోయాను.

మర్నాడు మంచం మీద నుంచి, మా వైపు అక్కను పిలిచినట్టు ‘అప్పా’ అని పిలిచి అడిగింది.

“అప్పా, మాయ ఏటి సేసినావు?”

“నువ్వు లెగలేదు కదా. నానే కప్పెట్టేసినాను. ఎనక గోడ కాడ.”

“లోతుగా తవ్వినావా?”

“నడుం లోతు.”

“నడుం లోతా? నుయ్యి తవ్వినావేటి?” అని కుట్లు పట్టుకుని నవ్వింది. కాసేపటికి మళ్ళీ అడిగింది. “పసుపేసినావా అప్పా?”

“ఏసినాను.”

నా చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుంది. అప్పటికి అది యంత్రంలో తిరుగుతోంది.

మూడో రోజు మేడమ్ నన్ను పిలిచి గాజుపలక మీద నీలం గీతలు చూపించారు. ఒక్కో గీత ఒక్కో ప్రోటీనట. పెద్ద గీత ఒకటి, దాని పక్కన గుంపుగా నాలుగు. ఇన్నాళ్ళూ వెతికిన జట్టు ఇదేనన్నారు. ఆవిడ అంత సంతోషంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. చెప్పేస్తే ఆ గీతలు చెరిగిపోతాయా? చెరగవు. కానీ ఆవిడ వాటిని పారేసేవారు. అలాంటి మనిషి. అందుకే నోరు విప్పలేదు. ఆవిడ బదిలీ మీద వెళ్ళిపోయేదాకా విప్పలేదు.

పాప బతికింది. ఏటా పుట్టినరోజుకు తల్లీబిడ్డలు వచ్చి ఆ గోడ మొదట్లో పసుపునీళ్ళు పోస్తారు. వచ్చినప్పుడల్లా తల్లి నన్ను వెతుక్కుని తేగల కట్ట ఇచ్చి వెళ్తుంది. నీ పుణ్యమే అప్పా అంటుంది. ఆ తేగలు కాల్చుకుని ఒక్కదాన్నే తిన్నాను. తినకుండా ఉండలేనా? ఉండగలను. తిన్నాను.

ఉక్కునగరంలో మా చెల్లెలి క్వార్టరు దగ్గర పెద్దవాళ్ళకు సాయంత్రం బడి పెట్టారు. నా యాభయ్యో ఏట అక్కడ కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. ఒకరోజు పరిశోధనశాలలో ఆ పాత పుస్తకం తెరిచాను. ప్రతి పేజీ మీదా ఒకే మాట. ‘ఇష్టపడి ఇస్తున్నాను.’ ఒక పేజీలో దాని కింద మేడమ్ చేతిరాతలో ఆ తల్లి పేరు. పక్కన నా వేలు. అన్నాళ్ళూ అది నాకు సిరామరక. ఆ రోజు అది మాటైంది.

ఈ ఏడు పాపే చెంబు పట్టుకుని పోసింది. నేను ఆసుపత్రి కిటికీ వెనక నిలబడి చూశాను. పది అడుగుల దూరం. వెళ్ళలేదు. ఆ తల్లికి చదువు రాదు, ఈ కాగితం ఆమెకు చేరదు. చేరదని తెలిసే రాస్తున్నానేమో. అయినా రాస్తాను.

అమ్మా, ఆ గోడ దగ్గర ఏమీ లేదు. నీ బిడ్డ మాయను కత్తెరతో ముక్కలు చేశారు. మిక్సీలో వేసి తిప్పారు. అంతా అయ్యాక అడుగున మిగిలింది తొట్టిలో పారబోసి, పైన నీళ్ళు వదిలింది నేను. నువ్వు ఇవ్వలేదు. నేను తీసుకున్నాను.

ఇది రాయడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. కింద వేలిముద్ర వేయడం లేదు, సంతకం చేస్తున్నాను.