బల్లి పలకని గోడలు

మా నాయన బతికే ఉన్నాడని మాకు చెప్పింది బల్లి. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

ఆయన దొరల పట్టాళంలో చేరి బర్మా పోయాడు. యుద్ధం ముగిసింది, దొరలూ పోయారు, ఆయన రాలేదు. చనిపోయాడన్న కబురూ లేదు. రోజూ దీపం పెట్టే వేళ మా అవ్వ, నాయనను కన్నతల్లి, గోడకేసి తిరిగి "నా కొడుకు యాడున్నా బాగుండాడు" అనేది. కాసేపటికి దూలం సందులోంచి బల్లి పలికేది. "సత్యం" అంటూ అవ్వ వేలితో నేలను తట్టేది. ఆ మాట మీదే అమ్మ మర్నాడు పొద్దున బొట్టు పెట్టుకునేది.

కర్నూలులో డేరాలు వేసి రాజధాని నడుపుతున్న రోజుల్లో, చలిజ్వరం దేశంలోనే లేకుండా చేస్తామని సర్కారు మనుషులు కాలవ పక్కనున్న మా ఊరికొచ్చారు. ఏటా మా వీధి సగం దుప్పట్లు కప్పుకుని వణికేది కాబట్టి వాళ్ళను దేవుళ్ళలాగే చూశాం. సామాన్లన్నీ బయట పెట్టించి గోడలకూ దూలాలకూ పంపులతో మందు కొట్టారు. తలుపు మీద ఎర్రగా ఏదో నంబరు రాశారు. తాము చెప్పేదాకా గోడలు అలకొద్దన్నారు.

అవ్వ వాళ్ళ పెద్దను ఆపింది. "సర్కారోళ్ళే గదప్పా మీరు. నా కొడుకు యాడుండాడో మీ సర్కారుకు తెలుసునా?"

"ఏ పట్టాళమవ్వా?"

"దొరలది."

"అది పాత సర్కారవ్వా. మాది కొత్తది. మాకు దోమల సంగతే తెలుసు" అన్నాడు. ఎగతాళికి అనలేదు, పాపం.

దోమ లేదు, నల్లి లేదు, మొదట్లో హాయిగా నిద్రపోయాం. తర్వాత బల్లులు ఒక్కొక్కటే ఊడిపడసాగాయి. బండల మీద వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకునేవి. వాటిని తిన్న పిల్లి పొయ్యి పక్కన బిగుసుకుపోయింది. ఆపైన ఇంట్లో చప్పుడన్నదే లేదు. మెలకువ వస్తే మా ఊపిరి మాకే వినబడేది.

దీపం పెట్టాక అవ్వ తన మాట అనేది. ముగ్గురం చెవులు రిక్కించుకుని కూర్చునేవాళ్ళం. ఏమీ పలికేది కాదు. మళ్ళీ అనేది, ఇంకాస్త గట్టిగా. మందు చారలు కట్టిన ఆ తెల్లటి గోడ మమ్మల్నే చూస్తున్నట్టుండేది. రోజులు గడిచేకొద్దీ అవ్వ గోడను వదిలి అమ్మ నుదుటిని చూడసాగింది. అమ్మ గాజుల చేతులు కొంగు కిందికి లాక్కునేది. మొగుడు పోయాడని తేలిన ఆడదాన్ని ఊళ్ళో ఏం చేస్తారో నేను చూసే ఉన్నాను. నాకు అవ్వంటే భయం పట్టుకుంది.

"అమావాస్య దాకా చూస్తా" అంది ఒకరోజు. "ఆమీద జరగాల్సింది జరిపిచ్చాల."

అమావాస్య సాయంత్రం అవ్వ దీపం వత్తి బాగా తగ్గించి తన మాట అంది. చీకట్లో బల్లి పలికింది. పైన దూలం సందులోంచి కాదు, ఎక్కడో గోడ మొదట్లోంచి. అమ్మ గొంతులోంచి ఏడుపులాంటిది వచ్చింది. అవ్వ వేలు నేలను తట్టింది. "సత్యం. ఇంగ ఈ మాట ఈ ఇంట్లో ఎవురూ ఎత్తొద్దు" అంది. మళ్ళీ ఎన్నడూ ఆమె గోడను అడగలేదు.

పలికింది అమ్మేనని చాలా ఏళ్ళు నమ్మాను. బతకాలి కదా, తప్పేముంది అనుకున్నాను. అవ్వ పోయిన ఏడు, ఇద్దరం గోడలు అలుకుతుంటే అనేశాను. "ఆ అమావాస్యనాడు అచ్చం బల్లి మాదిరే పలికినావు గదమ్మా."

అమ్మ చేయి ఆగిపోయింది. "నేనా? నువ్వే అనుకుంటినే నేను."

ఆ పొద్దు ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురమే. అవ్వ పోయినప్పుడు చుక్క కన్నీరు పెట్టని అమ్మ, పచ్చి గోడకు మొహం ఆనించి ఏడ్చింది.