తాసీల్దారుగారి జలక్రీడలు

సముద్రాన్ని నేను చూడలేదు. సముద్రం ఒడ్డు నుంచి బదిలీ మీద మా వైపు వచ్చిన తాసీల్దారుగారిని మాత్రం చూశాను. రెండు ప్రాంతాలూ కొత్తగా ఒకే రాష్ట్రమైన రోజులవి. బాసరకు వచ్చినవాళ్లు సరస్వతమ్మకు దండం పెట్టుకుని, పిల్లలకు అక్షరాలు దిద్దించుకుని, మళ్లీ రైలెక్కిపోవడం ఆయనకు నచ్చలేదు. వాళ్ల వైపు ఒడ్డుకు వచ్చినవాళ్లు పడవలెక్కి షికారు చేస్తారట, నీళ్లలో పందేలు వేసుకుంటారట. ఇక్కడ ఇంత గోదావరి ఊరికే పారుతోందట. ఊరికే పారడం గోదావరి తప్పని నాకు అప్పటిదాకా తెలియదు.

రేవులో ఉన్న ఒక్క నావకూ రంగు వేయించి, తన కచేరీలోని కుర్చీలు ఎక్కించి, మామిడాకులు కట్టించారు. ఒడ్డున గుడ్డ మీద పెద్ద అక్షరాలతో "జలక్రీడలు" అని రాయించారు. పైఅధికారి, ఆయన భార్య వచ్చి ప్రారంభం చేయాలి.

సరిగ్గా ఆ పొద్దునే అత్తమ్మా నేనూ రేవుకు వెళ్లాం. మా ఇంటాయనకు విషజ్వరం తగ్గితే నడిగోదావరిలో గంగమ్మకు చీర పెడతానని మా అత్తమ్మ మొక్కుకుంది. తల్లి దయ వల్ల జ్వరం తగ్గింది గానీ, మొక్కు వెనకబడుతూ వచ్చింది. కొడుకు తుమ్మితే చాలు, అత్తమ్మ చూపు ఆ చీర మూట మీదికి పోయేది.

"గా గుడ్డ మీద ఏం రాసిండ్రే?" అని నన్నడిగింది.

నాది ఇంట్లో నేర్చుకున్న చదువే అయినా అంతమాత్రం చదవగలను. చదివాను. అత్తమ్మ మూటను గుండెలకు అదుముకుంది. పురాణం చదివి వినిపించేది నేనే కనుక నాకు తెలుసు. ఆమె లెక్కలో జలక్రీడలంటే ఆడవాళ్ల చీరలు చెట్టెక్కడం.

"గీ సర్కారోళ్లు గంత పని చేస్తరా? ముసలోళ్లను గూడ ఇడువరా?"

నావ నడిపే అతను, "ఇయ్యాల నావ సర్కారుదవ్వా, రేపు రారాదు" అన్నాడు. రేపటి మీద నమ్మకం పోయిన మనిషి, అత్తమ్మ నేరుగా తాసీల్దారుగారి ముందుకే వెళ్లింది.

"నా కొడుకు పానం మొక్కు సారూ. నడుమ దాక తీస్కపోండ్రి. మీ ఆటలు నేను జూడ, కండ్లు మూసుకుంట."

ఆమె అనేది ఏ ఆటల గురించో ఆయనకు అర్థం కాలేదు. "మామ్మగారూ, ఇది ప్రభుత్వ కార్యక్రమమండీ" అన్నారు. పైఅధికారి భార్య మాత్రం నవ్వి, "పెద్దావిడ, రానివ్వండి" అంది. ఆమె కడుపు చల్లగా ఉండాలి. గోదావరిని కళ్లకద్దుకుని మేమిద్దరం నావ అడుగున కూర్చున్నాం. మిగతావాళ్లు బూట్లతో ఎక్కి కుర్చీల్లో కూర్చున్నారు.

"ఇది మునగదు గదా?" అని పైఅధికారి అడిగారు.

"మునిగెటందుకు నీళ్లుండాలె గద సారూ" అన్నాడు నావ నడిపే అతను.

అది చైత్రం. తాసీల్దారుగారు మా వైపు వచ్చింది వానకాలంలో. ఆనాడు చూసిన గోదావరే ఏడాది పొడుగునా ఉంటుందనుకున్నారు. సముద్రానికి ఎండాకాలం ఉండదు కాబోలు.

ఆయన ఉపన్యాసం సగంలో ఉండగానే నావ ఇసుకమేట మీదికి ఎక్కి ఆగిపోయింది. ఆ కుదుపుకు పైఅధికారి భార్య కుర్చీతో సహా నీళ్లలో పడింది. మోకాటి లోతే. లేచేసరికి పట్టుచీర తడిసి ఒంటికి అంటుకుపోయింది. చుట్టూ మగవాళ్లు, ఒడ్డు దూరం. పాపం, తల ఎత్తలేకపోయింది.

"ఫర్వాలేదండీ, ఇది కూడా క్రీడే" అన్నారు తాసీల్దారుగారు.

"అందరు అటు దిక్కు తిరుగుండ్రి!" అన్నది అత్తమ్మ.

పైఅధికారితో సహా తిరిగారు. అత్తమ్మ నీళ్లలోకి దిగి మూట విప్పింది. పసుపు పెట్టిన ఆ మడతల్లోనే ఆమెకు కొడుకు ప్రాణం ఉంది.

"అత్తమ్మా, మొక్కు చీర" అన్నాను.

"నాకెరుక లేదా? జర ఈ కొస పట్టు."

ఇద్దరం కలిసి చీరను ఆమె చుట్టూ చుట్టాం. అత్తమ్మ ఆమెకు బొట్టు పెట్టి, ఆ నీళ్లలోనే వంగి కాళ్లకు మొక్కింది.

"అయ్యో, పెద్దవారు! నాకు మొక్కడమేమిటండీ?"

"నీకు గాదు బిడ్డా, గంగమ్మకు. జర కదలకు, మొక్కు ఒడవనియ్యి."

మొక్కు పూర్తయ్యేదాకా ఆమె కదలలేదు. నడిగోదావరి దాకా మమ్మల్ని చేర్చినందుకు నేను తాసీల్దారుగారికి మనసులోనే దండం పెట్టుకున్నాను. ఆయన ఇంకా అటు తిరిగే ఉన్నారు.