వెంట్రుకవాసి తేడా

పళ్ళ వరస సరిచేయడం నా వృత్తి. కొలతల దగ్గర నాకు మొహమాటం లేదు. రెండువేల దశకం మధ్యలో తెనాలిలోని నా క్లినిక్‌కి కంప్యూటర్ వచ్చింది. నోట్లో అచ్చు తీసి పోసిన ప్లాస్టర్ పళ్ళని హైదరాబాదు పంపితే, స్కాన్ చేసి సీడీలో పెట్టి పంపేవాళ్ళు. ఇక తెరమీదే ఎటు కావాలంటే అటు తిప్పి కొలుచుకోవచ్చు. నాకది భలే ముచ్చటేసింది.

రేపల్లెలో ఆడవాళ్ళ బట్టలు కుట్టే ఒకావిడ పదమూడేళ్ళ కూతుర్ని తీసుకొచ్చింది. పన్ను మీద పన్ను. నోరు మూసుకునే నవ్వేది ఆ పిల్ల. బాపట్ల నుంచి రోజూ రైల్లో వచ్చే నా జూనియర్ డాక్టర్ తెరమీద కొలిచి, చోటు బాగా తక్కువుంది, నాలుగు పళ్ళు పీకాలన్నాడు. నేను క్లినిక్‌లో లేనిరోజు తల్లికీ అదే చెప్పి, శనివారం రమ్మన్నాడు.

శుక్రవారం ఆ పిల్ల ప్లాస్టర్ పళ్ళు హైదరాబాదు నుంచి తిరిగి నా చేతికొచ్చాయి. వెర్నియర్ కొలబద్దతో కొలిస్తే చోటుకి అంత కొరత లేనేలేదు. ఒళ్ళు మండింది నాకు. అవి పుచ్చులేని పళ్ళు, పీకితే మళ్ళీ రావు.

"కంప్యూటర్ తప్పు చెప్తుందా మేడమ్?" అన్నాడు జూనియర్, పిలిచి అడిగితే.

"చెప్పదు. నువ్వు చూపించిన చోటే కొలుస్తుంది. ఏదీ, ఎక్కడ చూపించావో చూడనీ."

పన్ను వెనక పన్ను దాక్కున్నచోట అంచు కనపడక, మౌస్‌తో కొలత చుక్కని కాస్త బయటికి పెట్టాడు. దాంతో ప్రతి పన్నూ ఉన్నదానికన్నా వెడల్పైపోయింది.

"వెంట్రుకవాసే కదండీ."

"అన్ని వెంట్రుకలూ కలిపితే జడవుతుంది నాయనా."

బొమ్మని పైనుంచి కనపడేలా తిప్పి, చుక్కలన్నీ మళ్ళీ పెట్టించాను. ఈసారి అంకె నా వెర్నియర్ చెప్పినదానికి దగ్గరికొచ్చేసింది. పళ్ళ మధ్య కాస్త అరగదీసి తీగ వేస్తే సరిపోతుంది.

మర్నాడు తల్లీకూతుళ్ళు వచ్చారు. పిల్ల కళ్ళు వాచి ఉన్నాయి.

"రాత్రి అన్నం ముట్టలేదండి," అంది తల్లి.

"పీకడం లేదమ్మా. కొలత కాస్త లూజుగా తీశాం. సరిచేశాం."

"పెరిగే పిల్ల, లూజు పెట్టమని మా దగ్గర అందరూ అంటారండి. పళ్ళక్కూడా పెడతారేంటి?" అంది ఆవిడ.

నేను పగలబడి నవ్వాను. మా జూనియర్ చెవులు ఎర్రబడ్డాయి. పిల్ల మాత్రం నవ్వలేదు, నన్నే చూస్తోంది.

"అయితే అన్నీ నాకే ఉంటాయా అండీ?"

"అన్నీ నీవే."

చకచకా కుర్చీ ఎక్కి, నేను అడక్కముందే నోరు బార్లా తెరిచింది.