పెరుగు దగ్గర ఆగిపోయాను

మాంసం మానేసి పదిహేను రోజులైంది. పాలూ పెరుగూ కూడా మానాలా అన్నది మాత్రం తేలలేదు. సరిగ్గా అప్పుడే జంషెడ్‌పూర్ వెళ్లి, బారిడీహ్‌లో పిన్ని ఇంట్లో భోజనానికి కూర్చున్నాను. నా పక్కన సోమాయ్ గారు. హో తెగ ఆదివాసీ. బాబాయితో ప్లాంట్‌లో పనిచేస్తూ తెలుగు నేర్చుకున్నాయన.

జీవహింస గురించి కాస్త గట్టిగానే ఉపన్యాసం ఇచ్చాను. పిన్ని గరిటె పట్టుకుని అంతా విన్నది.

"మాంసం మానీసినావు, సరే. పెరుగెయ్యనా, వద్దా?"

"ఆలోచిస్తున్నాను పిన్నీ," అంటూనే కంచం ముందుకు జరిపాను.

సోమాయ్ గారు ఆశ్చర్యపోయారు. "ఇందులో సోచ్‌నా ఏటుంది బాబూ? పాలు దూడవి కదా! మా ఇంట్లో తాతలకాడ నుంచి ఎవులూ ముట్టరు."

ఎన్ని పుస్తకాలు చదివినా నాకు తెగని ప్రశ్నను ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు. భక్తిగా అడిగాను: "అయితే మీరూ శాకాహారేనా?"

"అరే నహీ!" అని నవ్వి, కోడికూర గిన్నె దగ్గరికి లాక్కున్నారు.

పిన్ని మా రెండు కంచాలూ మార్చి మార్చి చూసింది. "మీ ఇద్దర్నీ కలిపితే ఒక్క శాకాహారి తేల్తాడు."

నేను దూడ వాటా ఇంకో గరిటె వేయించుకున్నాను.