ఎర్రగా మెరిసిన కోటగిరి

కంప్యూటర్ అంటే మనుషులకు ఇంకా భయభక్తులు మిగిలి ఉన్న రోజులవి. ఆ గదిలోకి వెళ్లాలంటే చెప్పులు బయట విప్పేవాళ్లం. దానికి దుమ్ము పట్టకుండా దర్జీ దగ్గర కొలతలిచ్చి గుడ్డ తొడుగు కుట్టించేవాళ్లం. మనుషులు చెమటలు కక్కుతూ కూర్చున్నా ఫ్యాను మాత్రం దాని వైపే తిరిగి ఉండేది. అలాంటి కాలంలో నిజామాబాద్‌లో కంప్యూటర్ కోర్సు పూర్తి చేసి బాన్సువాడకు తిరిగొచ్చిన ఆడపిల్ల తన గురించి తాను ఏమనుకుంటుందో మీరే ఊహించుకోండి. నేను అంతకంటే కాస్త ఎక్కువే అనుకున్నాను.

మా అక్క భర్త, అంటే మా బావ, వరికోత మిషన్లు కిరాయికి నడిపేవాడు. కోతలొచ్చాయంటే కోటగిరి, నస్రుల్లాబాద్, పిట్లం వైపు ఊళ్ల నుంచి రైతులు ఆయన ఆఫీసు ముందు నిలబడి "మా పొలానికి మిషన్ ఎప్పుడు?" అని అడుగుతూ ఉండేవాళ్లు. ఎవరి పొలం కోతకొచ్చింది, ఏ మిషన్ ఎక్కడుంది, ఎవరికి మాటిచ్చాడు అన్నదంతా బావ తలలోనే ఉండేది. ఆ తలకు సాయంగా ఒక కంప్యూటర్ కొని నన్ను దాని ముందు కూర్చోబెట్టాడు. కోర్సులో మా సార్ డ్యాష్‌బోర్డు అన్న మాట ఒకసారి ఎంతో గంభీరంగా పలికాడు. నేను దాన్ని అదే గాంభీర్యంతో బావ ముందు వాడాను.

"డ్యాష్‌బోర్డంటే జీపుల ఉండేదే గదా పిల్లా? గది ఆఫీసుల ఎందుకు?" అన్నాడు బావ.

"గట్ల కాదు బావా. మన పని మొత్తం ఒక్క తెర మీద కనవడ్తది. కుర్చీల కూసుండే అన్నీ చూడొచ్చు."

"మరి డీజిల్ ముల్లు గూడ ఉంటదా?"

"అన్నీ ఉంటయి" అన్నాను ధీమాగా. ఆ "అన్నీ" అన్న మాట దగ్గరే పని చెడిందని ఇప్పుడు తెలుస్తోంది.

నిజంగానే అన్నీ పెట్టాను. కంప్యూటర్ నాకు నేర్పిన ప్రతి విద్యనూ ఆ ఒక్క తెర మీద ప్రదర్శించాను. ముక్కలు ముక్కలుగా చీలిన ఉబ్బెత్తు చక్రాలు, నీడలు పడే స్తంభాలు, పాములా మెలికలు తిరిగే గీతలు, వాటి వెనక సూర్యాస్తమయం బొమ్మ. రంగుల విషయంలో నాకంటూ ఒక సిద్ధాంతం ఉండేది. ఎరుపు కుంకుమ రంగు, శుభం. కాబట్టి ఏ ఊళ్లో కోతలు పూర్తయితే ఆ ఊరికి ఎరుపు. ఎంత పూర్తయితే అంత చిక్కటి ఎరుపు. ఇంకా కోయాల్సిన ఊళ్లకు ఆకుపచ్చ, పైరు పచ్చగా ఉంటుంది కదా అని. (కోతకొచ్చిన వరి పచ్చగా ఉండదన్న సంగతి రైతు ఇంట్లో పుట్టిన నాకు తెలియక కాదు. పసుపు రంగు పెట్టి చూస్తే ఆ సూర్యాస్తమయంలో కలిసిపోయింది.)

దాని పేరు ఊరంతా పాకింది. మిషన్ కోసం వచ్చినవాళ్లు కిటికీలోంచి తొంగిచూసి "అబ్బ, పుచ్చకాయ కోసి పెట్టినట్టున్నది" అని మెచ్చుకునేవాళ్లు. బావ వచ్చినవాళ్లందరినీ చెప్పులు విప్పించి లోపలికి పిలిచి "మా మరదలు చేసింది" అని చూపించేవాడు. ఆ చక్రాలు ఏం చెబుతున్నాయని ఒక్కరూ అడగలేదు. బావ కూడా అడగలేదు. అడిగితే చదువు రానివాడు అనుకుంటారని ఆయన భయపడ్డాడట. ఈ మాట చాలా ఏళ్ల తర్వాత అక్క చెప్పింది.

ఆ యాసంగి (రబీ) కోతలు జోరుగా సాగుతున్నప్పుడు బావ దెగ్లూర్ దిక్కు చుట్టాల పెళ్లికి వెళ్లాడు. ఆయన తిరిగొచ్చే రోజున నేను ఆఫీసులో లేను. నా చక్రాలను కాగితం మీద అచ్చువేసి గోడకు అంటించాలన్న కోరికతో రంగు సిరా కొనడానికి నిజామాబాద్ బస్సెక్కాను. మధ్యాహ్నం దాటాక ఆకాశం మబ్బేసింది. అప్పుడే ఊరు చేరిన బావ నేరుగా ఆఫీసుకొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తెర మీద కోటగిరి నిప్పులా ఎర్రగా మెరుస్తోంది. నస్రుల్లాబాద్ చల్లగా, పచ్చగా, ఏ ఫికరూ లేనట్టు ఉంది. ఎర్రగా ఉందంటే ప్రమాదమే అనుకున్నాడు ఆయన. ఎవరైనా అదే అనుకుంటారు, నేను తప్ప. వెంటనే డ్రైవర్లకు ఫోన్లు చేసి నస్రుల్లాబాద్‌లో ఉన్న మిషన్లన్నిటినీ కోటగిరికి తోలించాడు.

కోటగిరిలో కోతలెప్పుడో అయిపోయాయి. ఖాళీ మడుల మధ్య మిషన్లు బారులు తీరి నిలబడితే అక్కడివాళ్లు "ఏందన్నా, గడ్డి గూడ కోస్తరా?" అని నవ్వారట. నేను సిరా డబ్బాతో బస్సు దిగేసరికి బావ ఫోన్ పట్టుకుని రోడ్డు మీద నిలబడి ఉన్నాడు.

"కోటగిరి అయిపోయిందని నీకు ఎర్కే గద బావా?" అన్నాను ఏడుపు గొంతుతో.

"నాకైతే ఎర్కనే. గని ఊర్ల లేకపోతిని గద. కంప్యూటర్ గంత ఎర్రగ మెరుస్తుంటే ఇంకా మిగిలినయేమో అనుకున్న. నాకంటె దానికే ఎక్కువ తెలుస్తదని అనుకున్న" అన్నాడు. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

కోత మిషన్ రోడ్డు మీద ఎంత మెల్లగా నడుస్తుందో వెనక చిక్కుకున్న బస్సువాళ్లను అడగాలి. అవి తిరిగి నస్రుల్లాబాద్ చేరి పొలాల్లోకి దిగిన కొన్ని గంటలకు వాన మొదలైంది, రాళ్లతో. చాలామంది పొలాలు గట్టెక్కాయి. మేం రేడియో తాత అని పిలిచే ఒక పెద్దాయన పొలం సగం మాత్రమే కోశారు. మిగతా సగంలో చేను నేలకొరిగి వడ్లు రాలిపోయాయి. (ఎప్పుడూ చెవి దగ్గర రేడియో పెట్టుకుని తిరుగుతాడు కాబట్టి ఆ పేరు. వాన వస్తుందని రెండు రోజులుగా అందరికీ చెబుతున్నది కూడా ఆయనే.)

మరునాడు ఆయన ఆఫీసుకొచ్చాడు. నేను బీరువా వెనక్కి జరిగాను. ఆయన చెప్పులు విప్పి లోపలికొచ్చి, తెర వైపు కాసేపు మర్యాదగా చూశాడు.

"మంచిగనే చేసినవు బిడ్డా" అన్నాడు. "ఒరిగిన చేను ఆరినంక, దక్కినకాడికి కోయించుకుంట. మిషన్ ఎప్పుడొస్తదో జర చూసి చెప్పు."

నేను చూశాను. చక్రాలన్నీ చూశాను, స్తంభాలన్నీ చూశాను. ఆయన అడిగిన ఆ ఒక్క మాటకు జవాబు ఎక్కడా లేదు. "బావను అడిగి చెప్తా తాతా" అన్నాను. "సరే బిడ్డా" అని బయట అరుగు మీద కూర్చున్నాడు. బావ వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు. ఆ మనిషి వీపు చూస్తూ నేను లోపల కూర్చున్నాను. నా చదువంతా ఏమైపోయిందో నాకు అర్థం కాలేదు.

ఆ వారం అన్నీ తుడిచేశాను. సూర్యాస్తమయం తీసేటప్పుడు మాత్రం కాస్త ప్రాణం విలవిల్లాడింది. తర్వాత ఆఫీసు ముందు నిలబడి వచ్చినవాళ్లు ఏమడుగుతున్నారో విన్నాను. రైతులందరిదీ ఒకటే మాట, మిషన్ ఎప్పుడని. బావదీ ఒకటే మాట, ఇప్పుడు దేన్ని ఎక్కడికి పంపాలని. ఆ రెంటికీ జవాబు చెప్పనిది ఏదీ తెర మీద ఉండకూడదని ఒట్టు పెట్టుకున్నాను. రైతు పేరు, ఊరు, మిషన్ వచ్చే రోజు. అంతే, పెద్ద అక్షరాల్లో. చేను కోతకొచ్చి కూడా మిషన్ అందనివాళ్ల పేరు మాత్రం ఎర్రగా. ఇంకే రంగూ లేదు. తెరను కిటికీ వైపు తిప్పాను, ఎవరూ చెప్పులు విప్పే పని లేకుండా. వంటింట్లోంచి అక్కను లాక్కొచ్చి "ఇప్పుడు మిషన్ ఎక్కడికి పంపాలె?" అని అడిగితే, గరిటె పట్టుకునే, "ఎర్రగున్న కాడికే గద, గింత దానికి నన్నెందుకు పిలిచినవు? కూర మాడుతుంది" అని వెళ్లిపోయింది.

బావకు మాత్రం నచ్చలేదు. "గిదేంది పిల్లా, గుండు గీసినట్టున్నది! చుట్టాలొస్తే ఏం చూపియ్యాలె?" అని చాలా బాధపడ్డాడు. ఆయన కోసం ఒక ఉబ్బెత్తు చక్రం వేరే దాచి పెట్టాను, చుట్టాలొచ్చినప్పుడు తీసి చూపించడానికి.

వానాకాలం కోతలొచ్చాయి. రైతులు వచ్చేవాళ్లు, కిటికీ దగ్గర ఒక క్షణం ఆగేవాళ్లు, వెళ్లిపోయేవాళ్లు. పుచ్చకాయలా ఉందని గానీ, బాగుందని గానీ ఎవరూ అనలేదు. ఆ వయసులో అది నాకు పెద్ద అవమానంగా ఉండేది. ఒకరోజు రేడియో తాత కూడా అలాగే వచ్చి, చూసి, వెనుదిరిగాడు. నేను ఉండబట్టలేక బయటికి పరుగెత్తాను.

"తాతా, ఎట్లున్నది?"

"ఏది బిడ్డా?"

"గదే, కంప్యూటర్ల కొత్తగ చేసింది."

ఆయన ఒక్కసారి కిటికీ వైపు చూసి, మళ్లీ నా వైపు చూశాడు. "కంప్యూటర్ సంగతి నాకేమెర్క బిడ్డా, నేను చూడలే. ఎల్లుండి పొద్దుగాల మిషన్ వస్తదట. టార్పాలిన్లు సర్దుకోవాలె, నేను పోత" అని గబగబా నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ రోజు నేను అన్నం సరిగ్గా తినలేదు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో ఇదే పని చేస్తూ జుట్టు నెరిసింది. పెద్ద పెద్ద వాళ్లు నా తెరలు చూసి "వావ్" అంటారు. అన్నప్పుడల్లా లోపల చిన్న భయం వేస్తుంది, ఎక్కడ తప్పు చేశానా అని. ఎవరైనా ఒక్క క్షణం చూసి, ఏమీ అనకుండా లేచి తమ పని మీద గబగబా వెళ్లిపోతే మాత్రం, ఆ పూట భోజనం చాలా రుచిగా ఉంటుంది.