తాతమ్మ చోటు

జగ్గమ్మకి యాభై దాటాయి. శ్రీముఖలింగం చుట్టుపక్కల ఏ మడిలో ఉభాలు మొదలైనా, నాట్లేసే ఆడవాళ్ల వరసకి ఆమే ముందు. ఆమె పాటలో ఒక పాదం ఎత్తుకుంటే, ఆడపడుచు తాతమ్మ మిగతావాళ్లని కూడగట్టుకుని బదులు పాడేది. ముప్పై ఏళ్లు అలాగే సాగింది. కిందటేడు తాతమ్మ జ్వరంతో పోయింది. ఆ తర్వాత జగ్గమ్మ మడిలో పాట ఎత్తితే ఒట్టు.

తాతమ్మ కొడుకు గిరిబాబుకి గిటారు పిచ్చి. ఇద్దరు స్నేహితులతో, ఊరి వాగుని తలుచుకుని 'గెడ్డ' అని బ్యాండు పెట్టాడు. పెళ్లిళ్లలో సినిమా పాటలు వాయించీ వాయించీ విసుగెత్తి, మన పాటే ఒకటి చేద్దామని అత్త జగ్గమ్మ కాళ్లావేళ్లా పడ్డాడు. మేనల్లుణ్ణి కాదనలేక ఆవిడ శ్రీకాకుళంలో వాళ్లు రికార్డు చేసే ఇరుకు గదికి వచ్చింది.

"ఏరు దాటి పోయినోడా, ఎండ సల్లబడినాదిరా" అని పాడి టక్కున ఆగింది. కీబోర్డు వాయించే మోహనకృష్ణ ఆగకుండా పాడమన్నాడు. సరేనంది, మళ్లీ ఆగింది. నాలుగుసార్లూ అదే తంతు. పాపం, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? బదులు వినకుండా తర్వాతి పాదం ఎత్తడం ఆ గొంతుకి అలవాటు లేదు. పోనీ ఆ ఖాళీలో వేణువు పెడదామన్నాడు మోహనకృష్ణ. గిరిబాబు హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టాడు.

"అక్కడేటీ పెట్టొద్దు. అది మాయమ్మ సోటు" అన్నాడు.

ఆ ఖాళీలు అలాగే వదిలి, ఆవిడ చేత ఒక్కో పాదం విడిగా పాడించి అతికి, పాటని నెట్‌లో పెట్టారు. ఇక ఆ పాట ఏం పాకిందని! ఆటోల్లో అదే, ఫోన్లలో అదే. విజయనగరం కాలేజీ పిల్లలు ఆ ఖాళీ వచ్చేసరికి కబుర్లు ఆపేసేవారట. లక్షలమంది విన్నారంటే జగ్గమ్మ నమ్మలేదు, అంతమంది ఎక్కడున్నారని అడిగింది.

కళింగపట్నం బీచిలో ఉత్సవానికి స్టేజీ మీద పాడమని పిలుపొచ్చింది. జగ్గమ్మకి భయమేసింది. అంతమంది ఎదుట పాడి ఆగితే, తాతమ్మ లేదన్న సంగతి తన చెవులే తనకి చెబుతాయి. ఇక రెండో పాదం గొంతు దాటదు. తనవల్ల కాదంది.

"ఒక్క ముక్క పాడు అత్తా. రాకపోతే దిగిపోదుం" అన్నాడు గిరిబాబు.

సాయంత్రం పూట స్టేజీ ఎక్కింది. మొదటి పాదం పాడింది. ఆగింది. అలల చప్పుడు తప్ప ఏమీ లేదు. కళ్లు గట్టిగా మూసుకుంది.

ఎడమపక్క, పల్లెల నుంచి ఆటోల్లో వచ్చిన ఆడవాళ్ల గుంపులోంచి లేచింది బదులు. "వొస్తాడులేవే వదినా." తాతమ్మ పాడే మాటే అది. రికార్డులో లేదు, ఎవరూ నేర్పలేదు. ఏ ఊరి మడుల్లో పాడుకునేవారో ఏమో, వాళ్లకి వచ్చు. రెండో పాదానికి పక్కవాళ్లూ కలిశారు. మూడో పాదానికి ఇసక మీదున్న వేలమందీ అదే మాట. జగ్గమ్మ కళ్లు తెరిచింది. ఇంత పెద్ద వరసకి ఆమె ఏనాడూ ముందు నిలబడలేదు.

ఇంతలో కుర్రకారు చప్పట్లు కొడుతూ పాటని పరుగెత్తించారు. మడిలో పాట పరుగెత్తితే నాటేవాళ్ల నడుములు పడిపోతాయి. ఆవిడ చెయ్యెత్తింది.

"తొందరేటర్రా? నెమ్మదిగా అనండి."

అన్ని వేలమందీ నెమ్మదించారు. గిరిబాబు వాయించడం మరిచిపోయి, అందరి ముందూ ఏడ్చేశాడు. జగ్గమ్మ పాటలోని ఏడు చరణాలూ చివరిదాకా పాడింది.