మూడోది కలపని ఆగమ్మ

హైదరాబాద్ కార్వాన్‌లో ఆగమ్మ పాలు పోయని ఇల్లు తక్కువ. ఆ పాలలో నీళ్లున్నాయని అనుమానించని ఇల్లు ఇంకా తక్కువ. నలభై ఏళ్లుగా ఎవరడిగినా ఆమె జవాబు ఒకటే: బర్రె తాగిన నీళ్లు తప్ప ఇంకో చుక్క లేదని.

అరవై మూడో ఏట ఆమె రక్తంలోనే కల్తీ బయటపడింది. అక్యూట్ లుకేమియా. ఈ వయసులో గట్టి కీమో తట్టుకోలేదని డాక్టరమ్మ రెండు మందులు జతచేసింది: నెలకు ఏడు రోజులు ఇంజెక్షన్, రోజూ మాత్ర. చెడ్డ కణాలు చావాల్సిన వేళకు చావకుండా లోపల ఒక కాపలాదారు అడ్డుపడుతుంటాడట. వాణ్ని మాత్ర కట్టేస్తుంది, ఇంజెక్షన్ కణాలను నీరసపరుస్తుంది. ఏ ఒక్కటీ ఒంటరిగా అంత పని చెయ్యదు. ఇరవై ఎనిమిదో రోజు మూలుగ పరీక్ష. అప్పటిదాకా మంచి కణాలూ పడిపోయి ఏ జబ్బైనా ఇట్టే అంటుకుంటుంది కనుక ఇంటికి జనం రావద్దంది. పంపరపనస అసలే ముట్టొద్దంది, అది మాత్రను ఒంట్లో హద్దు మీరి పెంచుతుందని.

ఆగమ్మకు ఒక్కసారి చెబితే అర్థమైంది. చుట్టాలకు కాలేదు. మన దగ్గర పరామర్శంటే రోగిని చూడటం కాదు, మనం వచ్చినట్టు రోగికి చూపించడం. కూతురు తనూజ గుమ్మంలో చేతులు అడ్డం పెట్టినా దగ్గుకుంటూనే లోపలికొచ్చారు. ఇంట్లో ‘చావు’ మాట ఎత్తకూడదని కణాల చావు గురించి ఆసుపత్రి ఇచ్చిన కాగితాన్ని సైతం బోర్లించి పెట్టారు.

పదో రోజు మరిది జగదీశ్వర్ నిండు గ్లాసుతో దిగాడు. పంపరపనస రసం, అందులో తిప్పతీగ. ఫోన్లో వచ్చిందట. దేవుడిచ్చిన పండుకు సైడెఫెక్ట్ ఉండదనీ, రెండింటి పక్కన మూడోది పడితే పోయేదేముందనీ ఉపన్యాసం. చుట్టూ కూర్చున్న ఆరుగురు, అందరూ ఆగమ్మ పాలు పోయించుకునేవాళ్లే, తలలూపారు. తనూజ వద్దంటే చిన్నపిల్లవు ఊకో అన్నారు.

“కొలతెంత?” అనడిగింది ఆగమ్మ.

“కొలతేంది వదినా, భక్తితోని తాగుడే.”

ఆమె గ్లాసు పక్కకు జరిపింది. “జగదీశూ, నలభై ఏండ్లు పాలల్ల నీళ్లు కలిపిన. కొలత లేకుండ ఒక్కనాడు కలపలే. నీకు కలుపుడు రాదు. తీస్కపో.”

గదిలో దగ్గు ఆగిపోయింది. ముందుగా తేరుకున్నది పక్కింటి బుచ్చమ్మ. “మా ఇంటికెంత కలిపినవే?”

“లీటరుకు పావు. బేరం జేసినవు గదా.”

మర్నాటి నుంచి ఆ గడప ఎవరూ తొక్కలేదు. డాక్టరమ్మ మాటకూ తనూజ చేతులకూ ఆగని జనం ఒక్క నిజానికి ఆగిపోయారు. జగదీశ్వర్ మొహం చాటేశాడు. ఆ మిగిలిన రోజులు ఆగమ్మ వేళకు తిని, వేళకు మాత్ర వేసుకుని, జ్వరమన్నది లేకుండా గడిపింది.

పరీక్షలో, వందకు అరవై ఉన్న చెడ్డ కణాలు అయిదు లోపుకు దిగాయి. పని అయిపోలేదు, మందులు నెలనెలా సాగాలని డాక్టరమ్మ చెబుతుండగానే తనూజ ఏడ్చేసింది. ఆగమ్మ ఇంకా ఆ అంకె దగ్గరే ఉంది.

“వందల అయిదేనా?”

“ఇంకా తక్కువనే అమ్మా,” అంది డాక్టరమ్మ.

“గంత చిక్కటి పాలు నేనెన్నడు పొయ్యలే.”